డూప్లికేట్‌కు బహుమతి

హబ్సిగూడ మెట్రో మెట్ల మీద, పట్టపగలు నలుగురూ చూస్తుండగానే తేజేష్ కుప్పకూలాడు. గుండెపోటన్నారు జనం. అతని బొటనవేలి మీద సూదిమొన గుర్తు ఎవరి కంటా పడలేదు. ఫోన్‌లో ఒక మెయిల్ తెరిచి ఉంది: 'మీ బగ్ రిపోర్ట్‌కు బహుమతి ఖరారైంది.'

గంట తర్వాత, రామంతాపూర్‌లో జిరాక్స్ షాపు పైనున్న రహస్య ఆఫీసులో, చీఫ్ కమలకుమారి ఏజెంట్ నతానియేలు ముందుకు ఫైలు విసిరింది.

"కోటగార్డ్. ఫ్రీ యాంటీవైరస్. నెట్‌లో ఏ పోలిక చూసినా ఇదే ఫస్ట్. ఆ పోలికలు రాసిందీ వాళ్ళే. విదేశీ ముఠా. నాచారంలో మిసైల్ విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలన్నీ దీన్నే వేసుకున్నాయి."

ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకాలు అనుకుంటూ నతానియేలు పళ్ళు నూరాడు.

"అందులో కంప్యూటర్ల నుంచి రహస్యాలు లాగేసే దొడ్డిదారి ఉంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పు, అంటే బగ్, పట్టిస్తే బహుమతి అని ఎర వేసి, ఆ దారి కనిపెట్టినవాళ్ళను చంపుతున్నారు. తేజేష్ తర్వాత ఇంకొకరు కనిపెట్టారు. మీ చెల్లెలు దీవెన. నాలుగింటికి నాచారం ఆఫీసుకు పిలిచారు. ఫోన్ స్విచాఫ్."

నతానియేలు కుర్చీ తోసి లేచాడు.

"అక్కడి రివార్డ్స్ మేనేజర్ షైనీ మన మనిషే. ఏదో సాకు చెప్పి అమ్మాయిని వెనక్కి పంపేస్తుంది. నువ్వు దగ్గరుండి చూసుకో."

ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్‌ను బండబూతులు తిట్టుకుంటూ నాలుగుకు రెండు నిమిషాల ముందు చేరాడు. మాస్కు, టోపీ, చేతిలో పానా: వాటర్ ఫిల్టర్ మెకానిక్. ఎర్ర సిల్కు చీరలో షైనీ చూపు తిప్పుకోనివ్వనంత అందంగా ఉంది.

"మేడమ్, ఫ్రీ యాంటీవైరస్‌లల్ల ఏది మంచిది?" అడిగాడు.

"ఏదైనా ఒకటే పెట్టుకోవాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు."

ముందే అనుకున్న కోడ్ మాట కలిసింది. అతను ఊపిరి పీల్చుకుని, మూలనున్న ఫిల్టర్ విప్పసాగాడు. సోఫాలో ఉన్న దీవెన అన్నను గుర్తుపట్టలేదు. షైనీ ఆమె ముందు కాగితం పెట్టింది.

"మేడమ్, తేజేష్ గూడ గిదే బగ్ పంపిండట," అంది దీవెన. "గట్లయితే నాది డూప్లికేట్ గదా?"

పంపేయడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. ముందే ఒకరు పట్టిన తప్పుకు లోకంలో ఏ కంపెనీ పైసా ఇవ్వదు. అలా వట్టి చేతులతో మిగిలిన ప్రతిసారీ దీవెన అన్నం ముందు కూర్చుని ఏడ్చేది.

షైనీ నవ్వింది. "పర్వాలేదు. ఇద్దరికీ పూర్తిగా ఇస్తాం. ఇక్కడ సంతకం పెట్టండి."

ఇవ్వాలనే ఉద్దేశం లేనివాళ్ళే అలా ఇస్తామంటారు. దీవెన వేళ్ళు వెండిరంగు పెన్నును తాకబోతుండగా నతానియేలు పానా విసిరాడు. దెబ్బకు పెన్ను ఎగిరి సోఫాలో పడింది. దాని నడుము నుంచి సన్నటి సూది బయటికి పొడుచుకొచ్చింది.

షైనీ చేయి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయేసరికే అతని పిస్టల్ ఆమె కణతకు ఆనింది.

"ఎంతకు అమ్ముడువోయినవ్?"

"మన జీతాలెంతో తెలిసినవాళ్ళు ఆ మాట అడగరు," అంది షైనీ అసహ్యంగా.

కబురందుకుని వచ్చిన కమలకుమారి మనుషులు ఆమెకు బేడీలు వేశారు. దీవెన ల్యాప్‌టాప్‌లోని రిపోర్ట్ ఆధారంగా చీకటిపడేలోపే ఫ్యాక్టరీల్లో ఆ దొడ్డిదారి మూసేశారు. దీవెన మాత్రం అన్న చొక్కా వదల్లేదు.

"అన్నా, వేరే కంపెనీల గూడ ఒక బగ్ దొరికింది. పంపాల్నా, వద్దా?"

"పంపు. సంతకానికి పిలిస్తే మాత్రం, పెన్ను మనింట్లది పట్కపో."