సొరుగులకు కొత్త పిడులు

“ఒక్క పిడి ఊడితే అన్నీ పీకుడెందుకు? పాత బొక్కలు గట్లనే కనవడుతున్నయి, సూడు!” అంది మహేశ్వరి.

“లప్పం పెడ్తే కనవడయి తియ్.”

రాజేశం తలెత్తలేదు. తెచ్చిపెట్టిన చాయ్ చల్లారిపోయింది. టేకు బీరువా సొరుగుల ముందు చతికిలబడి, కరీంనగర్ నుంచి తెచ్చిన స్టీలు పిడులు బిగిస్తున్నాడు. పాత ఇత్తడి పిడుల కంటే ఇవి పొడుగు. రంధ్రాలు కలవక చెక్కకు కొత్తవి వేస్తున్నాడు.

మహేశ్వరి కోపం పిడుల మీద కాదు. షార్జా నుంచి సెలవు మీద వచ్చిన మొగుడు ఇంట్లో పని ముట్టుకున్నాడంటే ఆమెకు భయం. పోయినసారి తలుపు గడియ బాగుచేశాడు. ఆ వారంలోనే విమానమెక్కాడు. అంతకుముందు సారి బోరు మోటారు. రెండుసార్లూ బయలుదేరే ముందు రోజు దాకా ఆమెకు చెప్పలేదు. “చెప్తే ఏడుస్తవని” అన్నాడు. ఇప్పుడు కూడా ఫోను మోగితే చాలు, వాకిట్లోకి పోయి గుసగుసలాడుతున్నాడు.

అత్త కనకవ్వ వంటింట్లోంచి తొంగిచూసింది.

“పనులన్నీ సదురుతున్నవు. ఎప్పుడు పోతవో చెప్పు కొడుకా, సకినాలకు బియ్యం నానవోస్త.”

“ఇప్పుడే ఎందుకవ్వా?”

“అంటే రేపు నానవోయాల్నా, ఎల్లుండా?” అంది మహేశ్వరి.

అతను ఇంకో స్క్రూ అందుకున్నాడు. కనకవ్వ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా పెరట్లోకి జారుకుంది.

ఫోను మోగింది. రాజేశం లేవబోయాడు. మహేశ్వరి గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఈన్నే మాట్లాడు. స్పీకర్ పెట్టు. నాకు తెల్వకుండ ఏం మాటలో నేను గూడ వింట.”

చేసేది లేక పెట్టాడు. షార్జాలో అతనితో ఒకే గదిలో ఉండే బోథ్ ఊరి కుర్రాడు సంపత్ గొంతు.

“అన్నా, టికెట్ వద్దన్నవట, నిజమేనా? నీ మంచం వేరేటోనికి ఇస్తమంటున్నరు.”

“ఇయ్యనీ తమ్మీ,” అని రాజేశం ఫోను పెట్టేశాడు.

మహేశ్వరి గుమ్మం వదిలి దగ్గరికొచ్చింది.

“పోవా?”

“పోను.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నా షార్జ పైసలతోని పైన స్లాబు వేస్తమని బాపు వాడంత చెప్పుకుండు. ఆయన మొఖం సూస్తే నోరు లేస్తలేదు. నీకు చెప్తే నిన్ను గూడ పరేషాన్ చేసినట్టయితది.”

“మరి గీ పిడులు?”

అతను సిగ్గుపడ్డట్టు నవ్వాడు. “వచ్చినప్పుడల్ల నా బట్టలు సూట్‌కేసులనే ఉంటయి గదా. గా కింది సొరుగు ఖాళీ చేసిస్తవేమో అడుగుదామని...”

ఆమె అతని పక్కన నేల మీద కూర్చుంది. ఇన్నేళ్లలో అతనికంటూ ఒక్క అర కూడా ఉంచలేదని అప్పుడే తట్టింది. చుట్టానికి వేసినట్టు పక్క వేసింది, చుట్టాన్ని సాగనంపినట్టు సాగనంపింది. కళ్లు తుడుచుకోకుండానే కింది సొరుగు లాగి, తన పాత చీరలన్నీ ఒళ్లోకి తీసుకుంది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నారు. రాజేశం రెండుసార్లు తండ్రి వైపు చూసి, రెండుసార్లూ తల దించుకున్నాడు. మహేశ్వరి, మామ గట్టయ్య పళ్లెంలో పప్పు వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టింది.

“మామా, మీ కొడుకు ఇగ షార్జ పోడు. ఈన్నే ఏదన్న పని సూసుకుంటడు.”

గట్టయ్య చెయ్యి ముద్ద దగ్గరే ఆగింది. కొడుకు వైపు చూశాడు.

“మేమిద్దరం కల్సే అనుకున్నం,” అంది మహేశ్వరి.