రోస్కిలీ గ్లాసు

పోల్‌వీన్ రేవు చివర, గోడ మలుపులో ఉన్న స్మారక శిల దగ్గరకు డిసెంబరు తొమ్మిది రాత్రి ఎవరూ వెళ్లరు. ఒకసారి ఒక కానిస్టేబులు వెళ్లాడు. సైకిలుతో సహా సముద్రంలో తేలాడు. తనను ఎవరో నెట్టారని అతను రిపోర్టు రాశాడు, తాగి ఉన్నాడని పై అధికారి రాశాడు. ఊరు మొదటిదే నమ్మింది.

శిల మీద పద్నాలుగు పేర్లు. అందరూ ఊరివాళ్లే. యుద్ధంలో పెన్‌హాలో అనే చిన్న యుద్ధనౌకతో పాటు మునిగినవాళ్లు. ఏటా ఆ సాయంత్రం పేరుకొక చిట్టి గ్లాసు పెట్టి, ఓడలో రోజూ ఇచ్చినట్టే రమ్ము పోస్తారు. తెల్లారేసరికి పదమూడు ఖాళీ. ఒక్కటే నిండుగా... జాబెజ్ రోస్కిలీది.

బతికుండగా జాబెజ్ గ్లాసు వదిలిన మనిషి కాదు. పబ్బు మూసే వేళకు అతన్ని ఇంటికి మోసుకెళ్లడం ఊళ్లో ఒక నిత్యకృత్యం. అలాంటివాడు రమ్ము ముట్టలేదంటే అర్థమేమిటి? చావలేదు. ఓడ దిగి పారిపోయాడు. అర్జెంటీనాలో ఎవత్తెతోనో కాపురం పెట్టాడు. ఊరు అలా తేల్చేసింది. భార్య గ్రేస్ ఆ మాట మోస్తూనే పోయింది. ఇప్పుడు మోస్తున్నది కూతురు టామ్సిన్ – నలభై ఏళ్ల మనిషి, చేపల మార్కెట్‌లో గుమస్తా. వచ్చే ఏడాది చివర్లో శిల మీది పేర్లన్నిటికీ బంగారు పూత వేయిస్తారట. రోస్కిలీ పేరు వదిలేద్దామని స్మారక సంఘంలో మాట వచ్చింది.

ఆ ఏడాది డిసెంబరు తొమ్మిది రాత్రి, నాన్న గ్లాసు సంగతేమిటో తేల్చుకుందామని, చేపలు కోసే కత్తి సంచిలో వేసుకుని ఆమె బయల్దేరింది. కత్తికి దెయ్యం తెగదని తెలుసు. అయినా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

పొగమంచు. అలలు గోడను తడుముతున్నాయి. మలుపు దగ్గర ఆగింది...

ఎవరో పేర్లు చదువుతున్నారు. మెల్లగా. పేరుకూ పేరుకూ మధ్య కాసేపు నిశ్శబ్దం.

ఖంగ్... గ్లాసు మోగింది. మరుక్షణం ఆగిపోయింది – ఎవరో వేలు పెట్టి ఆపినట్టు.

టామ్సిన్ చెయ్యి సంచిలోని కత్తి మీదికి వెళ్లింది. ఆ తర్వాత బుర్ర పనిచేసింది. గ్లాసు మోగితే ఎక్కడో ఒక నావికుడు మునుగుతాడని, చటుక్కున ఆపాలని ఆ ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. కాని మునిగిపోయినవాళ్లకు మళ్లీ ఆ భయమెందుకు?

మలుపు తిరిగింది. శిల కింద, దుప్పటి కప్పుకుని ఎనోక్ ట్రెగియర్ కూర్చున్నాడు. పెన్‌హాలో నుంచి బతికి బయటపడింది ఈ ముసలాయన ఒక్కడే. చేతిలో పదమూడో గ్లాసు.

“బాబాయ్... ముప్పై ఎనిమిదేళ్లుగా ఊరిని హడలగొడుతున్న దెయ్యానివి నువ్వా?”

“మెల్లగా మాట్లాడవే. విధవలు వింటారు.”

గ్లాసులు నిండుగా ఉంటే ఆడవాళ్లు ఏడుస్తారని మొదటి ఏడాది తాగానన్నాడు. రెండో ఏటి నుంచి కారణం అడగొద్దన్నాడు.

“మరి మా నాన్నది ఎందుకు వదిలావు?”

ఎనోక్ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. తర్వాత చెప్పాడు. ఓడ మునగడానికి నెల ముందు, జిబ్రాల్టర్‌లో, జాబెజ్ పీకలదాకా తాగి భార్య పేరనుకుని చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. తెల్లారి చూసుకుంటే అక్కడున్నది గ్రేస్ కాదు... కార్మెన్. ఆవిడెవరో అతనికే తెలియదు. బైబిలు మీద ఒట్టేసి రమ్ము మానేశాడు. టీ తప్ప మరొకటి తాగలేదు. ఇంటికి ఏమని రాయాలో తేల్చుకునేలోపే ఓడ పోయింది.

“ఒట్టేసినవాడి వాటా నేనెలా తాగనే? పక్కనే నిలబడి చూస్తున్నట్టుంటుంది.”

“ఆ మాట ఊళ్లో చెప్పొచ్చుగా. మా అమ్మ బతికుండగా.”

“చెబితే... మిగతావి ఎవరు తాగారని అడుగుతారు కదా.”

కత్తి సంచిలోనే ఉండిపోవడం ఎనోక్ అదృష్టం. నేను పోయాక చెప్పుకోవే అని బతిమాలాడు. ఫిబ్రవరిలోనే పోయాడు. కాని చచ్చిపోయినవాడి మీద దొంగతనం మోపి, పైగా కార్మెన్‌ను ఊళ్లోకి తెస్తే అర్జెంటీనా కథకు సాక్ష్యం దొరికినట్టే. టామ్సిన్ నోరు మెదపలేదు.

మళ్లీ డిసెంబరు తొమ్మిది వచ్చింది. తండ్రి పేరు ముందు గ్లాసు తీసేసి, కప్పూ సాసరూ పెట్టి, కప్పు నిండా టీ పోసింది. సంఘం అధ్యక్షురాలు మిసెస్ హాకింగ్ మూతి తిప్పింది. ఆవిడ మొగుడిది శిల మీద నాలుగో పేరు.

“పారిపోయినవాడికి టీ మర్యాదలు కూడానా?”

పొద్దున ఏడింటికి గ్లాసులు తీయడానికి అందరూ వచ్చారు.

పదమూడు గ్లాసుల్లోనూ రమ్ము పోసింది పోసినట్టే ఉంది. టీ కప్పు ఖాళీ. ఇక చాలన్నట్టు సాసరు మీద బోర్లించి ఉంది.

ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. చివరికి వెనక నుంచి ఒక గొంతు గొణిగింది: “అయితే... పదమూడుగురూ అర్జెంటీనాలోనేనా?”

మిసెస్ హాకింగ్ ముఖం పాలిపోయింది. పూత అన్ని పేర్లకూ వేయాలని అక్కడికక్కడే తీర్మానం చేయించింది.

జనం వెళ్లిపోయారు. టామ్సిన్ కప్పు కోసం వంగింది. పిల్లి పనే అనుకుంది... పిల్లి కప్పు బోర్లిస్తుందా?

రాత్రంతా మంచు కురిసింది. శిల గడ్డకట్టినంత చల్లగా ఉంది.

కప్పు మాత్రం వెచ్చగా ఉంది.