పసుపు బూట్ల పాట

శుక్రవారం మధ్యాహ్నం 1:40.

నాష్‌విల్‌లో ఆ పాత రికార్డింగ్ స్టూడియో వెనక మెట్ల కింద ఒకావిడ పడి ఉంది. తల కింద నెత్తురు. ముందుగా చూసింది రిసెప్షనిస్ట్.

1:58కి డిటెక్టివ్ వెర్నా టిబ్స్ వచ్చేసరికి అంబులెన్స్ వెళ్లిపోయింది. నెత్తుటి మరకా, ఒక కాలి చెప్పూ మిగిలాయి. పక్కనే హ్యాండ్‌బ్యాగ్. అందులో దువ్వెన, తాళాలు, ఓ చిన్నపిల్ల ఫోటో ఉన్నాయి. ఫోన్ లేదు.

పేరు మేవిస్ క్రౌడర్. వయసు ముప్పై నాలుగు. పగలు హోటల్లో ప్లేట్లు అందిస్తుంది, మిగిలిన టైమంతా పాటలు రాస్తుంది. ఆ ఊళ్లో రాయి విసిరితే పాటలు రాసేవాళ్లకే తగులుతుంది. వాళ్లలో నూటికి తొంభై మంది ప్లేట్లు అందించేవాళ్లే.

వెర్నా మెట్లు లెక్కపెట్టింది. పద్నాలుగు. పై మెట్టు దగ్గర ప్రొడ్యూసర్ ఆఫీసు గది తలుపు. అక్కడే సీలింగ్ నుంచి వైరుకి వేలాడుతూ ఒక మైకు.

"మెట్ల మీద మైకేంటి? దెయ్యాలు పాడతాయా?" అన్నాడు ఆమె జూనియర్ లూ ఫెరాంటే. రోడ్ ఐలండ్ నుంచి బదిలీ అయి వచ్చి ఎనిమిది నెలలైంది. ఇంకా ఆ ఊరివాళ్ల చల్లటి తీపి టీ తాగలేకపోతున్నాడు.

"ప్రతిధ్వని కోసం సార్. మెట్ల దారి బాగా మోగుతుంది. పాడేవాళ్ల గొంతు ఇక్కడ మోగించి పాటలో కలుపుతాం" అంది రిసెప్షనిస్ట్.

ఆ ఊళ్లో రికార్డింగులు పదికి, రెండుకి, ఆరుకి మొదలవుతాయి. ఒంటిగంట నుంచి రెండింటి దాకా భోజనాల వేళ. ఆ గంటలో రిసెప్షనిస్ట్ కాక స్టూడియోలో ఉన్నది ముగ్గురు.

వెర్నా ముగ్గుర్నీ విడివిడిగా కూర్చోబెట్టింది.

మొదటి మనిషి కారిన్ ఎల్‌స్ట్రోమ్. మంచు మీద స్కేటింగ్‌లో ప్రపంచ పతకం గెలిచిన పిల్ల. మోకాలు పాడయ్యాక కౌబాయ్ టోపీ పెట్టి ఆ ఊరి కంట్రీ పాటల్లోకి దిగింది. పత్రికలు ఏకి పారేశాయి. 'మంచుబొమ్మకి టోపీ పెడితే పాట వస్తుందా' అని రాశాయి. శనివారం రాత్రి ఏడింటికి రేడియో షోలో ఆమె మొదటి పాట.

"ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఎక్కడున్నావ్?"

"పాడే గదిలో. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తున్నా."

"ఏమైనా విన్నావా?"

"ఆ గదిలోకి బయటి చప్పుడేదీ రాదు మేడమ్."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె బల్లకేసే చూసింది.

రెండో మనిషి ప్రొడ్యూసర్ హార్లన్ పీక్. ముప్పై ఏళ్లుగా పాటలు చేస్తున్నవాడు. వెర్నా తండ్రి ఎల్రాయ్ టిబ్స్ స్టీల్ గిటార్ వాయించిన రోజుల నుంచీ ఆమెని ఎరిగున్నవాడు.

"వెర్నా తల్లీ! మీ నాన్న పోలికే. ఆయన వాయించని రికార్డు ఉందా ఈ ఊళ్లో?"

"ఆయన పేరు వేసిన రికార్డు ఉందా, హార్లన్ గారూ?"

హార్లన్ నవ్వేశాడు. తను గదిలో తలుపేసుకుని ఫోన్లో ఉన్నానన్నాడు. మేవిస్‌ని ఎప్పుడో ఒకసారి చూసినట్టు గుర్తన్నాడు. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించాడు.

"ఆమె మాజీ మొగుణ్ని అడుగు తల్లీ. బేస్ గిటార్ వాడు, డీక్ రోలిన్స్. ఒంటిగంటకి పార్కింగ్‌లో దాని మీద గావుకేకలు పెట్టాడు."

మూడో మనిషి ఆ డీక్. బండ మనిషి.

"అరిచావా?"

"అరిచాను."

"ఎందుకు?"

"పొద్దున పదింటికి ఆ స్కేటింగ్ పిల్ల పాట మొదలెట్టింది. గుమ్మంలో పసుపు బూట్లట, ఎడమ బూటు మీద కప్ప బొమ్మట. అది మా బెత్ మేడమ్! మా కూతురు. నాలుగేళ్లకే పోయింది. ఆ పాట మేవిస్ రాసింది. ఒక్కసారి, బెత్ సమాధి దగ్గర పాడింది. బ్రేక్‌లో ఫోన్ చేసి పిలిచా. మన బిడ్డని అమ్ముకున్నావా అని అరిచా." ముఖం తుడుచుకున్నాడు. "అమ్మలేదంది. రాసిన కొత్తలో ఆ పాట తీసుకెళ్లి హార్లన్ గారికి పాడి వినిపించానంది. పనికిరాదు పొమ్మన్నాడట. ఇప్పుడే అడిగొస్తానని పైకి వెళ్లింది."

"నువ్వు వెంట వెళ్లలేదా?"

"లేదు. ట్రక్కులో కూర్చుని ఏడ్చా."

"ఎవరైనా చూశారా?"

"ఏడుస్తుంటే ఎవరైనా చూడాలని కూర్చుంటామా మేడమ్?"

బయటికి రాగానే లూ అన్నాడు: "వీడే. కోపం ఉంది, సాక్ష్యం లేదు, అరుపులు విన్నవాళ్లున్నారు. ఇంకేం కావాలి?"

"కొంచెం ఆగు నాయనా."

సాయంత్రం 4:20. హార్లన్ ఒక నోట్‌బుక్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. కారిన్ స్కేటింగ్ డైరీ. ప్రతి పేజీ మీదా తేదీ అచ్చువేసి ఉంది. రెండేళ్ల కిందటి మార్చి 9 పేజీలో ఆ పాట మొత్తం, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

"కారిన్ ఈ ఊరు వచ్చింది పద్నాలుగు నెలల కిందట. ఇది అంతకంటే ముందు, ఎక్కడో ఉత్తరాన దులూత్‌లో వాళ్లింట్లో రాసుకున్నది. పాపం డీక్‌కి బిడ్డ పోయిన దుఃఖంలో ప్రతి పాటా తన బిడ్డ పాటలాగే వినిపిస్తోంది."

వెర్నా ఆ పేజీ మూడుసార్లు చదివింది. కారిన్‌ని అడిగితే, నాదే అంది. అప్పుడూ బల్లకేసే చూసింది.

డీక్ మెడకి ఉచ్చు బిగిసినట్టే. పాట కారిన్‌దైతే డీక్‌ది వట్టి పిచ్చికోపం. పిచ్చికోపంలో మెట్ల మీంచి తోసేసే మొగుళ్లు తక్కువేం కాదు.

రాత్రి 8:15కి వెర్నా ఆస్పత్రికి వెళ్లింది. మేవిస్ తలంతా కట్టు. కళ్లు మూసే ఉన్నాయి.

"మాట్లాడుతుందా?"

నర్సు తల అడ్డంగా ఊపింది. "అప్పుడప్పుడు కుడిచేతి వేళ్లు కదుల్తాయి. నరాల అదురే, ఆశ పెట్టుకోకండన్నారు డాక్టర్ గారు."

వెర్నా మంచం పక్కన కాసేపు నిలబడింది. తన తండ్రి కూడా ఇలాగే పోయాడు, గోడకి తిరిగి, పేరు లేకుండా. ఈమె చచ్చిపోతే బిడ్డ పాట కూడా ఇంకొకరి పేరు మీద మోగుతుంది. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ ఊరికి అది అలవాటే అనుకోవడానికి వెర్నాకి ఆ రాత్రి మనసొప్పలేదు.

శనివారం మధ్యాహ్నం 3:30. ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. వేయించిన చికెన్, మొక్కజొన్న రొట్టె, చిక్కుళ్లు. లూ తింటూ నోట్‌బుక్ పేజీ ఫోటో తిరగేస్తున్నాడు.

"ఒక మాట అడుగుతా, నవ్వకండి. ఈ పాట మాటల పైన ఈ అంకెలేంటి? ఒకటి, నాలుగు, ఒకటి, అయిదు. చివర్లో ఒకటి చుట్టూ డైమండ్ గుర్తు. ఫోన్ నంబరా?"

వెర్నా నవ్వబోయింది. "ఓరి నీ అమాయకత్వం! అవి స్వరాల అంకెలయ్యా, ఎక్కడ ఏ స్వరం వాయించాలో చెప్పేవి. ఈ ఊళ్లో వాద్యగాళ్లు స్వరాల పేర్లు రాయరు, అంకెలు రాస్తారు. పాడేవాళ్ల గొంతు హెచ్చైనా తగ్గైనా అంకెలు మారవు. డైమండ్ గీస్తే ఆ స్వరం పట్టుకుని ఆగమని. వాయించేటప్పుడు అవే అంకెలు వేళ్లెత్తి చూపిస్తారు. మాటలు రాకముందే నాకు మా నాన్న..."

రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"దులూత్‌లో కూడా ఇలాగే రాస్తారా?" అన్నాడు లూ, ఏమీ ఎరగనట్టు.

"రాయరు" అంది వెర్నా నెమ్మదిగా. "ఎక్కడో తప్ప బయట ఎవరూ రాయరు. స్టూడియోల్లో పనిచేసే మా ఊరివాళ్లే రాస్తారు."

చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పుట్టినప్పటి నుంచి చూస్తున్న అంకెలు. మూడుసార్లు చదివినా కంటికి ఆనలేదు. బయటివాడు, తీపి టీ తాగలేనివాడు, అడిగితే గాని కనబడలేదు.

సాయంత్రం 5:45. రేడియో షో హాలు వెనక డ్రెస్సింగ్ రూమ్.

కారిన్ అద్దం ముందు కూర్చుని ఉంది, తెల్లటోపీ ఒళ్లో పెట్టుకుని. హార్లన్ ఆమె కుర్చీ వెనక. డీక్ గోడకి ఆనుకుని ఉన్నాడు, మెడలో బేస్ గిటార్. ఆ రాత్రి బ్యాండ్‌లో అతనూ ఉన్నాడు. లూ తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

"గంటలో షో తల్లీ. త్వరగా కానీ" అన్నాడు హార్లన్.

వెర్నా చెయ్యెత్తి నాలుగు వేళ్లు చూపించింది.

డీక్ ఎడమచేతి వేళ్లు వాటంతటవే గిటార్ మెడ మీద జరిగాయి. హార్లన్ తల కూడా ఒకసారి కదిలింది. కారిన్ మాత్రం ఆ వేళ్లకేసి అయోమయంగా చూసింది.

"ఏం చూపించాను కారిన్?"

"నాలుగు... నాలుగు నిమిషాలా?"

"నీ నోట్‌బుక్‌లో నీ పాట పైన పన్నెండు చోట్ల రాసి ఉంది అది. నువ్వే రాశానన్నావ్."

కారిన్ అద్దంలోంచి హార్లన్ ముఖంకేసి చూసింది.

"రెండేళ్ల కిందట దులూత్‌లో రాసిన పేజీలో నాష్‌విల్ అంకెలు ఎలా వచ్చాయి? రాసినవాడికి చెయ్యి అలవాటు. పాట దొంగిలించాడు, అక్షరాలు గుండ్రంగా దిద్దాడు, తేదీ కుదిర్చాడు. అంకెలు మాత్రం అతనికి తెలీకుండానే పడిపోయాయి. ఊపిరి పీలుస్తున్నామని ఎవరికి గుర్తుంటుంది?"

"డీక్‌కీ వచ్చు ఆ అంకెలు! మేవిస్‌కీ వచ్చు! ఊరందరికీ వచ్చు!" హార్లన్ గొంతు లేచింది. "నేనెందుకు రాస్తాను?"

"నేనింకా ఎవరి పేరూ చెప్పలేదు హార్లన్ గారూ."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు పెద్దమనిషి.

వెర్నా కారిన్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గించింది.

"అంకెల సంగతి అలా ఉంచు. నిన్న పాడే గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నానన్నావ్. ఆ గదిలోకి బయటి చప్పుడు రాదు, నిజమే. కానీ నీ గొంతు మోగించడానికి మెట్ల మీద మైకు ఒకటుంది. ప్రాక్టీస్‌కి అది ఆన్‌లో ఉందా, లేదా?"

కారిన్ ఒళ్లో టోపీని గట్టిగా పట్టుకుంది.

"మెట్ల మీద చీమ నడిచినా నీ చెవుల్లో మోగుతుంది. ఏం విన్నావు తల్లీ?"

"కారిన్, నోరు తెరిచావంటే నీ పని ఇంతటితో సరి!" అన్నాడు హార్లన్.

కారిన్ ఒళ్లోంచి టోపీ జారి కింద పడింది.

"డిసెంబర్లో నా పాత డైరీ అడిగి తీసుకున్నాడు. పాట కొన్నాను, రాసినామె ఒప్పుకుంది, సొంతంగా రాసినట్టు లేకపోతే నిన్నెవరూ నమ్మరు అన్నాడు. సరే అన్నాను. నవ్వులపాలై నవ్వులపాలై విసిగిపోయాను మేడమ్." ఆమె ఏడుపు ఆపుకోలేదు. "నిన్న హెడ్‌ఫోన్స్‌లో వినబడింది. ఆమె అంది, 'అది నా పిల్ల. పేరైనా వెయ్యండి, ఇంకేం అడగను.' ఫోన్లో తను పాడిన పాట ఉందంది. అందరికీ వినిపిస్తానంది. ఇతను ఫోన్ ఇటివ్వమన్నాడు. పెనుగులాట. తర్వాత మెట్లు... ఒక్కొక్కటీ... అన్నీ మోగాయి."

డీక్ గోడ దగ్గర్నుంచి ముందుకి ఉరికాడు. లూ నడుం పట్టుకుని ఆపాడు.

"నిన్ననే ఎందుకు చెప్పలేదే! అది కింద పడుంటే పాట ప్రాక్టీస్ చేస్తావా!" డీక్ అరిచాడు.

"భయమేసింది" అంది కారిన్. "అంతకంటే సిగ్గు."

6:10కి హార్లన్ చేతులకి బేడీలు పడ్డాయి. ఫోన్ అతని కారు డాష్‌బోర్డు కిందే దొరికింది. వెళ్తూ వెర్నాతో అన్నాడు: "నేను తొయ్యలేదు తల్లీ. లాక్కున్నానంతే. జారింది."

"జారినదాన్ని వదిలేసి తలుపేసుకున్నారుగా. అరగంట అక్కడే పడుంది."

లూ అతన్ని కార్లోకి నెట్టాడు.

రాత్రి 7:04. వెర్నా ఆస్పత్రి గదిలోకి అడుగుపెట్టేసరికి నర్సు రేడియో గొంతు పెంచుతోంది.

కారిన్ గొంతు వచ్చింది. వణుకుతోంది. "ఈ పాట నేను రాసిందని మీకు చెప్పారు. అబద్ధం. రాసింది మేవిస్ క్రౌడర్. బెత్ అనే పాప కోసం రాసింది. దీన్ని పాడే అర్హత నాకు లేదు. పాప వాళ్ల నాన్న పాడతాడు."

హాల్లో గుసగుసలు. ఎవరో ఈల వేశారు. తర్వాత డీక్ మొదలెట్టాడు. బేస్ గిటార్ వాళ్లు పాడరు, పాడితే ఇలాగే ఉంటుంది. బొంగురు గొంతు, రెండుచోట్ల విరిగింది. హాల్లో ఒక్కరు కూడా దగ్గలేదు.

"చూడండి, మళ్లీ నరాల అదురు" అంది నర్సు.

వెర్నా మంచం మీదకి వంగింది.

దుప్పటి మీద మేవిస్ కుడిచేతి చూపుడువేలు లేచింది. ఒకటి. కాసేపాగి నాలుగు వేళ్లు. మళ్లీ ఒకటి. తర్వాత అయిదూ విచ్చుకున్నాయి. రేడియోలో గిటార్ స్వరం మారిన ప్రతిసారీ, సరిగ్గా ఒక క్షణం ముందు.

చిన్నప్పుడు భోజనాల బల్ల దగ్గర నాన్న వేళ్లు ఇలాగే కదిలేవి.

"అదురు కాదమ్మా" అంది వెర్నా. కళ్లు తుడుచుకోలేదు. "బ్యాండ్‌ని నడిపిస్తోంది. డాక్టర్‌ని పిలువు."

నర్సు పరుగెత్తింది. పాట చివరికొచ్చింది. గుమ్మంలో బూట్లు, ఎడమదాని మీద కప్ప. డీక్ ఆఖరి మాట దగ్గర ఆగాడు. ఆఖరి స్వరం. నోట్‌బుక్‌లో డైమండ్ గీసిన చోటు.

మేవిస్ ఒక వేలు ఎత్తి పట్టుకుంది.

రేడియోలో చప్పట్లు మొదలయ్యాయి. ఆ వేలు ఇంకా దిగలేదు.