చేతులు మారిన గిటారు

"ఆ గిటారు కింద పెట్టవే! నీకు దణ్ణం పెడతాను..." నసంబు కూతురి వంటపాక గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది.

నఫులా తీగలు బిగిస్తూనే ఉంది. "అమ్మా, ఇవాళ చ్వేలే సంతలో మా పాట ఉందని అందరికీ చెప్పేశారు. ఇన్నాళ్ళకి మొదటిసారి. ఇవాళ వెళ్ళకపోతే ఇంకెప్పటికీ వెళ్ళలేం."

"జనం రాళ్ళేస్తే? నవ్వులపాలై అల్లుడు మళ్ళీ మంచం పట్టేస్తే? తీగ తెగి నీ కంట్లో పడితే?... నాతో ఇంటికి వచ్చెయ్ తల్లీ!"

ఆ తల్లి భయం ఊరికే పుట్టిందా! ఒకప్పుడు గిటారు అల్లుడు మకోఖాది. నఫులా ఖాళీ సోడా సీసా మీద మేకుతో తాళం వేస్తూ గొంతు కలిపేది. ఏడ్చే బిడ్డ కూడా ఊరుకునేంత మెత్తని పాట వాళ్ళది! చెరుకు ట్రాక్టరు తిరగబడి మకోఖా ఎడమచేతి వేళ్ళు నలిగిపోయాయి. ఆ పాట ఆగిపోయింది... అతను మంచం మీంచి చెబుతుంటే, వేళ్ళు చిట్లి రక్తం కారుతున్నా, నఫులా ఆ తీగలు మీటడం నేర్చుకుంది. ఇప్పుడు సీసా అతని వంతు.

"వచ్చేదాన్నయితే అప్పుడే వచ్చేదాన్నమ్మా. తప్పుకో!"

మనసు ఆగక నసంబు వెనకాలే వెళ్ళి, సంతలో ఉల్లి బస్తాల చాటున నిలబడింది. వాళ్ళ ఆచారంలో అత్త అల్లుడి ఎదుట పడకూడదు కదా! పెళ్ళయిన నాటినుంచీ ఒకరి ముఖం ఒకరు నేరుగా చూసి ఎరుగరు.

పాట అందుకున్నారో లేదో, మకోఖా అన్న వన్యామా దూసుకొచ్చాడు. "ఆపవే మరదలా! ఆడది గిటారు మీటడం, మొగుడు సీసా కొట్టడం... మా పరువంతా చెరుకు పిప్పి చేశావు!"

"ఇంట్లో ఉగాలి సంకటి ఎవరు కెలుకుతున్నారో!" ఎవరో అరిచారు. సంతంతా గొల్లుమంది.

మకోఖా చేతిలో మేకు ఆగిపోయింది. తల వాలిపోయింది.

నఫులా ఆపలేదు. "మా ఆయన తాళం వేసేదాకా ఈ ఒక్క చరణమే వాయిస్తాను బావగారూ! చీకటి పడినా సరే!"

మళ్ళీ అదే చరణం... మళ్ళీ అదే... తాళం లేని ఆ పాట వింటూ నసంబు ఇక చాటున నిలవలేకపోయింది. 'ఇవాళ తల దించుకుంటే ఇతను ఇక ఎత్తడు!' ఆమె ఉల్లి బస్తాలు దాటింది. నేరుగా వచ్చి, అల్లుడికి ఎదురుగా నేలమీద చతికిలబడింది.

అత్త అల్లుడి ఎదుట కూర్చోవడం చూసి వన్యామా నోరు తెరిచేశాడు.

"నోరు మూసుకో వన్యామా, ఈగలు దూరతాయి! మంచంలో ఉన్న నీ తమ్ముడికి ఉగాలి ముద్దలు తినిపించింది ఆ చేతులే. అప్పుడు మీ పరువు ఏ సంతకి వెళ్ళింది నాయనా?"

తర్వాత ఆమె అల్లుడి ముఖంలోకి చూసింది. "అల్లుడూ... ఇన్నేళ్ళూ గోడ అవతలినుంచే విన్నాను. ఎదురుగా కూర్చున్న తప్పు నాది. తల ఎత్తు బాబూ!"

మకోఖా తల ఎత్తాడు. కళ్ళనిండా నీళ్ళు! మేకు సీసాను మెల్లగా తాకింది. నఫులా గొంతు పైకి లేచింది, అతని గొంతు వచ్చి దాన్ని ఆనుకుంది...

రేపు పెద్దలు పంచాయితీ పెడతారేమో! ఉన్న ఒక్క మేకనూ తప్పుకింద అడుగుతారేమో! తెగలోంచి వెలేస్తారేమో!... అయినా నసంబు లేవలేదు. కాళ్ళు బారచాపుకుని, ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.