రెండు వందల పన్నెండు మెసేజులు

లిఫ్టు కదులుతోంది!

మెట్ల మధ్యలో ఆమె ఒక్క క్షణం ఆగి వింటుంది. ఆదివారం సాయంత్రం. ఆఫీసు మొత్తంలో నరమానవుడు లేడు. మరి లిఫ్టులో ఎవరు?

ఎవరో ఆమెకు తెలుసు.

డైరెక్టర్!

మళ్ళీ పరుగు. రెండో అంతస్తు... మూడు... బ్యాగులో తమ్ముడి ఫోన్ తొడకు కొట్టుకుంటోంది. వాడు పోయి పద్నాలుగు రోజులైనా రోజూ దానికి ఛార్జింగ్ పెడుతూనే ఉంది.

టైం ఐదూ నలభై ఒకటి.

ఆరు దాటిందా, అంతా చెరిగిపోతుంది!

కంట్రోల్ రూమ్ తలుపుకు తన కార్డు చూపిస్తుంది. ఎర్ర లైటు. సస్పెండ్ చేసినవాళ్ళ కార్డు పనిచేస్తుందా ఎక్కడైనా! గార్డు బాబాయ్ ఇచ్చిన కార్డు తీస్తుంది.

పచ్చ లైటు!

లోపల డ్యూటీ కంప్యూటర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆరేళ్ళు ఆమె కూర్చున్న కుర్చీ అది. ఎక్కడ అలారం మోగినా ఆ కబురు జనం ఫోన్లకు చేర్చే సర్వీసు. దాన్ని నడపడం, చెడితే బాగుచేయడం ఆమె పని. వెళ్ళని మెసేజ్ మాయమైపోదు. పక్కన ఇంకో క్యూలో పడి ఉంటుంది. పద్నాలుగు రోజులే. ఆ తర్వాత దానంతటదే పోతుంది.

ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైన రోజు రెండు వందల పన్నెండు మందికి మెసేజ్ వెళ్ళలేదు. పదకొండు మంది చచ్చిపోయారు. అందులో ఒకడు ఆమె తమ్ముడు.

"మా ఇంజనీర్ నిర్లక్ష్యం" అన్నాడు డైరెక్టర్, విచారణలో.

పేపర్లో ఆమె ఫోటో వేశారు. ఆ రోజు నుంచి అమ్మ ఆమెతో మాట్లాడటం లేదు. మిగతా కుటుంబాలతో, బతికి బయటపడ్డ కార్మికులతో కలిసి కింద గేటు దగ్గర టెంటు వేసుకుని ధర్నాకు కూర్చుంది. కూతురు ఎదురుపడితే మొహం తిప్పుకుంటోంది.

స్క్రీన్ మీద క్యూ తెరుచుకుంటుంది. 212 మెసేజులు. ప్రతిదాని పక్కన ఎవరు ఆపారో ఉంది.

డైరెక్టర్ లాగిన్!

ఆమె పళ్ళు పటపట కొరుకుతుంది. ఫోటో తీసుకెళ్తే మార్ఫింగ్ అంటాడు. కుదరదు. ఇది అందరికీ ఒకేసారి తెలియాలి!

వెనక తలుపు ధడేల్మంటుంది.

"కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి!"

డైరెక్టర్ చేతిలో పిస్తోలు.

"గార్డు ఫోన్ చేశాడులే. పాపం, వాణ్ణి నమ్మావా?"

"ఎందుకు ఆపారు సార్ మెసేజ్?"

"ఫ్యాక్టరీ ఓనర్ అడిగాడు. ఉట్టి అలారం, పది నిమిషాలు ఆపమన్నాడు. నిజంగా లీకవుతోందని నేనేమైనా కలగన్నానా?"

"ఆ పది నిమిషాలూ మా వాడు ఊపిరాడక..."

"నోర్ముయ్! అన్నీ చెరిపెయ్!"

"ఇంకో పావుగంటలో వాటంతటవే పోతాయి కదా సార్."

"పావుగంట నీ మొహం చూస్తూ కూర్చోమంటావా? ఇప్పుడే!"

ఆమె కీబోర్డు దగ్గరికి జరుగుతుంది. టకటకా నాలుగు లైన్లు.

ఎంటర్!

"అయిపోయిందా?"

"మీ ఆమోదం కావాలి సార్. ఇక్కడ ఎవరు ఏ మార్పు చేసినా రెండో మనిషి చదివి ఓకే చెయ్యాలి. మీరు పెట్టిన రూలే."

అతని ఎడమ చేతిలో ఫోన్ ఆమోదం అడుగుతూ గుర్రుమంటుంది. కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. పిస్తోలు ఆమె మీదే ఉంది.

బొటనవేలు పచ్చ బటన్ మీద పడుతుంది.

ఒక సెకను...

రెండు...

టింగ్!

ఆమె బ్యాగులోంచి. తమ్ముడి ఫోన్!

కిటికీ కింద టెంటులో ఇంకొకటి... టింగ్! టింగ్! టింగ్! ఒకేసారి వందల ఫోన్లు!

"ఏంటది? ఏంటా చప్పుడు?"

ఆమె తమ్ముడి ఫోన్ తీసి చదువుతుంది.

"గ్యాస్ లీకవుతోంది. వెంటనే బయటికి రండి. పద్నాలుగు రోజులు ఆలస్యం. ఆపినది డైరెక్టర్. ఇప్పుడు పంపినది కూడా ఆయనే."

"చెరిపెయ్యమన్నాను కదే!"

"పంపెయ్యమని రాశాను. ఆరేళ్ళలో నేను పంపిన మార్పు ఒక్కటైనా చదివి నొక్కావా నువ్వు?"

నువ్వు! ఆ మాట అనడానికి ఆమె ఎన్ని రోజులు ఎదురుచూసిందో!

"బాబాయ్‌తో నీకు ఫోన్ చేయించింది కూడా నేనే. నీ వేలు పడందే అవి కదలవు మరి."

పిస్తోలు పైకి లేస్తుంది.

ధాం!

కంప్యూటర్ తెర భళ్ళున పగిలి ముక్కలు రాలతాయి.

"అది తెర మాత్రమే" అంటుంది ఆమె. "మెసేజులు ఎప్పుడో వెళ్ళిపోయాయి."

కింద గేటు తెరుచుకున్న చప్పుడు. మెట్ల మీద అడుగులు... పది... యాభై... లెక్క తెలియడం లేదు.

లిఫ్టు కదులుతోంది!

ఈసారి ఆగి వింటున్నది అతను. లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది. గార్డు బాబాయ్ ఒక్క అంగలో వచ్చి అతని మణికట్టు విరిచి పిస్తోలు లాక్కుంటాడు.

బాబాయ్ వెనక అమ్మ.

అమ్మ పిస్తోలు వైపు చూడదు. డైరెక్టర్ వైపు చూడదు. తిన్నగా కూతురి దగ్గరికి వచ్చి, ఆమె చేతిలో వెలుగుతున్న కొడుకు ఫోన్ తీసుకుంటుంది. ఇన్ని రోజుల తర్వాత ఆమెతో నోరు విప్పుతుంది.

"వీడేనా తల్లీ?"

"వీడే."

అమ్మ కొంగు నడుముకు బిగిస్తుంది. మెట్ల మీది అడుగులు అప్పుడే తలుపు దాకా వచ్చేశాయి.