పుష్పలత బదులు లంకకి వెళ్ళిన రోజు

నాకు కాఫీ అంటే ప్రాణం. ఏ ఊరెళ్ళినా ముందు హోటలు చూసుకుంటాను, గుడైనా సముద్రమైనా ఆ తర్వాతే. మా అమ్మ ఆదిలక్ష్మి "దీనికి కాఫీ వాసన చూపిస్తే ఎవరి వెనకైనా పోతుంది" అని వెక్కిరించేది. ఈ సంగతి పుష్పలతకి బాగా తెలుసు.

అమలాపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని లైన్లు కలిపేవాళ్ళం. ఎనభై మూడులో, క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు నాకు సెలవు దొరికింది. "మా మొగలిలంక చూసి రావే సూర్యం. ఒకపక్క గోదారి, ఒకపక్క సముద్రం, కావలసినన్ని కాఫీ హోటళ్ళు," అంది. ఏటా ఆ రోజున తనే వెళ్ళేదట, ఈసారి డ్యూటీ పడిందట. "అక్కడి ముసలాళ్ళకి చూపు ఆనదు. పుష్పా అని పిలిస్తే ఆయ్ అనెయ్యి, చాలు. నేను రాలేదంటే చిన్నబుచ్చుకుంటారు." చలని తన ఆకుపచ్చ స్వెట్టరు తీసి నాకు తొడిగింది. ఎంత ప్రేమో అనుకున్నాను, నా మొహం!

పొద్దున్నే బస్సు దిగి పడవెక్కాను. మంచు ఎంత పట్టేసిందంటే గెడ వేసేవాడి చేతులే కనబడుతున్నాయి గానీ మనిషి కనబడటం లేదు. లంక రేవులో దిగగానే సూరిబాబు హోటలు. పనస ఆకు బుట్టల్లో ఉడికిన ఇడ్డెన్లు, గొంతు కాలే కాఫీ. ఒంటరిగా వచ్చినందుకు భలే హాయిగా ఉంది.

"పుష్పలతమ్మగారేనాండీ?" అన్నాడు సూరిబాబు, స్వెట్టరు కేసి చూస్తూ.

"ఆయ్," అన్నాను. రోజంతా ఫోన్లో ఆయ్ ఆయ్ అనే నోరు, దానికి అబద్ధమంటే భయమేముంటుంది?

అతను సంతోషిస్తాడనుకున్నాను. మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

చర్చి పక్కన ఇంకో కాఫీ తాగాను. అక్కడా ఒక ముసలావిడ పుష్పా అంది, నేను ఆయ్ అన్నాను. ఆవిడ నా బుగ్గలు నిమిరి బావురుమంది. పుష్పలతంటే ఎంత అభిమానమో అని ముచ్చటపడ్డాను గానీ ఆ ఏడుపేమిటని అడగలేదు.

మధ్యాహ్నానికి సముద్రం ఒడ్డు చేరాను. సరుగుడు చెట్లు, మొగలి పొదలు, ఆ వెనక బూడిదరంగు నీళ్ళు. అంత ఒడ్డు మీదా ఒక్క మనిషి లేడు. చివర్న సాలమోను తాత తాటాకు పాక, అందులో పొయ్యి. కళ్ళకి పొర కమ్మిన ముసలాయన. గ్లాసు చేతికిచ్చి మెల్లిగా అడిగాడు.

"ఈసారి దిగుతారాండీ?"

"ఎక్కడికండీ?"

"నీళ్ళలోకండీ. మీ అక్క సువార్తమ్మ దగ్గరికి."

నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వటం లేదు.

"చిన్నప్పుడు ఇద్దరూ ఇక్కడే గవ్వలేరుకుంటా కెరటంలో చిక్కుకున్నారు కదండీ. 'నువ్వు పద అక్కా, నేను వెనకే వత్తన్నా' అని చెయ్యి వదిలేసి మీరు ఒడ్డుకొచ్చేసేరు. పిల్ల శవం కూడా దొరకలేదు. ఏటా ఈ రోజున పిలుత్తాది. ఏటా మీరొచ్చి వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటారు. పోయినేడు అందరం విన్నామండీ... ఇంక ఊరుకోను, ఈసారి నా పిలుపుకి పుష్పగా ఎవరు పలికితే వాళ్ళనే పట్టుకుంటానంది."

గ్లాసు కింద పెట్టేశాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఇదా దాని ప్రేమ! ఒక్క కంచంలో తిన్నాం. నాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది. అలాంటిది నన్ను మేకపిల్లలా తోలేసింది.

"నేను పుష్పలతని కాదండీ! సూర్యకుమారిని!"

"రేవులో ఆయ్ అన్నారటగా. చర్చి దగ్గరా అన్నారట." ఆయన గొంతు తగ్గింది. "మడుసులకి చెప్పింది పర్లేదు. దానికి మాత్రం పలక్కండమ్మా. ఏమడిగినా పలక్కండి."

పొయ్యి ఆరిపోయింది. గాలి కూడా ఆగింది. ఎక్కణ్ణించో కుళ్ళిన ఆల్చిప్పల వాసన...

"పుష్పా..."

నా చెవి వెనకే. పిల్ల గొంతు. స్వెట్టరు చెయ్యి నోట్లో కుక్కుకున్నాను. తాత తల వంచుకున్నాడు.

"పుష్పా... వచ్చేవా?"

పలకలేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. కెరటాల చప్పుడు కూడా లేదు. వెళ్ళిపోయింది, బతికేను అనుకున్నాను.

అప్పుడు అదే గొంతు, ఎంతో మర్యాదగా...

"హలో... లైన్లో ఉన్నారాండీ?"

"ఆయ్, చెప్పండి."

ఓరి దేవుడో! అనేశాను. ఆలోచించకుండా అనేశాను. పదేళ్ళ అలవాటు. తాత రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పరుగెత్తాను. ఇసుకలో కాళ్ళు దిగబడుతుంటే చెప్పులు వదిలేసి పరుగెత్తాను. రేవులో పడవ సిద్ధంగా ఉంది. ఎక్కిన వాళ్ళందరూ ఒక చివరికి సర్దుకుని కూర్చున్నారు, నా వైపు ఒక్కరూ చూడలేదు. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. భయం కన్నా కోపమే ఎక్కువ. తెల్లారగానే పుష్పలత జుట్టు పట్టుకుని అడగాలి, నేనేం పాపం చేశానే నీకని. ముందు ఇల్లు చేరితే చాలు. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంటే చాలు.

దీపాలు పెట్టే వేళకి ఇంటి తలుపు కొట్టాను. అమ్మ లాంతరు పట్టుకుని వచ్చింది.

"నువ్వా పుష్పా! ఇప్పుడొచ్చేవేంటమ్మా?"

"అమ్మా, నేనే. సూర్యాన్ని."

అమ్మ నవ్వింది. "హాస్యాలకేం గానీ, సూర్యానికి ఒంట్లో బాలేదమ్మా. పొద్దున్నించీ గడప దాటలేదు."

లోపల గదిలోంచి నా గొంతే వినబడింది, మాట తీరు మాత్రం పుష్పలతది. "ఎవరే అమ్మా?"

"పుష్పలతేనే," అంది అమ్మ వెనక్కి తిరిగి. మళ్ళీ నా కేసి చూసి, లాంతరు కాస్త కిందికి దించింది. ఆవిడ మొహంలో జాలి.

"అయ్యో... ఈ పాపెవరమ్మా? ఒళ్ళంతా అలా తడిసిపోయిందేం?"

నేను కిందికి చూడలేదు. నా వేళ్ళ మధ్య చిన్న చిన్న వేళ్ళు గట్టిగా బిగుసుకుంటున్నాయి.