ఐదో పేరు

వెంకటాచలం నుంచి కృష్ణపట్నం పోయే దారిలో, రొయ్యల గుంటలు మొదలయ్యే చోట ఒక మలుపుంది. సిపాయిల మలుపంటారు దాన్ని. పొద్దుగూకినాక ఆడ ఎవరూ ఆగరు.

పోర్టు లారీకి టైరు పంచరైనా సరే, డ్రైవరు అట్నే ఈడ్చుకుంటా ఇంకో కిలోమీటరు పోయి ఆపుకుంటాడు గానీ, ఆ మలుపులో మటుకు కాలు కింద పెట్టడు.

అక్కడుండేది ఒక సిమెంటు స్తంభం, నిలువెత్తు. చుట్టూ ఇనప గొలుసు. స్తంభానికి నల్లరాతి పలక, పలక మీద ఐదు పేర్లు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మిలిటరీకి పోయి, వేరువేరు యుద్ధాల్లో పోయిన ఐదుగురివి. ఏటా జూలై ఇరవయ్యారో తేదీ పొద్దున నాలుగూళ్ళ జనం అక్కడికొస్తారు. దండ వేస్తారు, పేర్లు చదువుతారు, రెండు నిమిషాలు తలొంచుకుని నిలబడతారు, పోతారు. పగలు అది అందరి చోటు.

రాత్రి...

గుంటల కాడ కాపలా పడుకునేవాళ్ళు చెప్పేది ఒకటే. నెలకి నాలుగైదు మాట్లు, అర్ధరాత్రి దాటినాక బూట్ల చప్పుడు వస్తుంది. టక్... టక్... టక్... పదడుగులు. ఆగుతుంది. తిరుగుతుంది. మళ్ళా పదడుగులు. ఆ పైన ఎవరో పేర్లు పిలుస్తారు — పలక మీద పేర్లే. పిలిచిన ప్రతి పేరుకీ ఒక జవాబొస్తుంది.

"హాజర్."

ఆటో షాహుల్ ఒకసారి చెవులారా విన్నాడు. మూడు రోజులు జ్వరంతో మంచం దిగలేదు. "కళ్ళతో చూళ్ళేదు గానీ శేషమ్మక్కా, అది మనుషులు పలికే పలుకు కాదు" అని ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు.

అట్ట ఊళ్ళో సగం మందికి ఏదో ఒకనాడు వినపడింది. వినపడని మనిషి వెంకటశేషమ్మ. పలక మీద చిట్టచివరి పేరు ఆమె మొగుడిది.

కార్గిల్‌లో పోయినాడు. అప్పుడాయనకి ఇరవై మూడేళ్ళు. ఆమె కడుపుతో ఉండింది, ఆరో నెల. శవపెట్టెతో పాటు ఆయన పెట్టె కూడా మోసుకొచ్చి దించినవాడు జయరామయ్య — ఆయనతో ఒకే పటాలంలో పనిచేసినవాడు, కాలవ అవతలి ఊరివాడు. ఆ తర్వాత పుట్టిన బిడ్డ సుప్రియకి ఇప్పుడు ఇరవై ఐదు. పోర్టు ఆఫీసులో ఉద్యోగం. శేషమ్మ మూడెకరాల మడి తనే చేసుకుంటా, బిడ్డను చదివించుకుంటా, ఎవరి ముందరా కళ్ళు తుడుచుకోకుండా ఇన్నేళ్ళు లాక్కొచ్చింది.

కానీ షాహుల్ ఆ మాట చెప్పినప్పటి నుంచీ ఆమె మనసులో ఒక ముల్లు. ఊరోళ్ళకందరికీ వినపడిన గొంతు నాకెందుకు వినపళ్ళేదు? నేనేం చేసినాను?

పోయి చూద్దామని ఎన్నో మాట్లు అనుకుంది. ఒంటరి ఆడది అర్ధరాత్రి రోడ్డెక్కితే ఊరేమంటుందోనని ఆగింది. అది పైకి చెప్పుకునే కారణం. అసలు భయం వేరే. పోయినాక... అక్కడ ఏమీ లేకపోతే?

ఈ ఏడు ఆగడానికి వీల్లేకపోయింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. రేపు పొద్దున జూలై ఇరవయ్యారు మీటింగు అయిపోగానే క్రేను వచ్చి స్తంభాన్ని పెకలించి మండలాఫీసు ఆవరణలోకి తీసకపోతుందని దండోరా వేసినారు. ఉండేది ఈ ఒక్క రాత్రి.

సుప్రియ నిద్రపోయిందాకా చూసి, టార్చిలైటు తీసుకుని, తలుపు దగ్గరగా వేసి బయల్దేరింది శేషమ్మ.

అమావాస్య పోయిన మర్నాడు. కళ్ళు పొడుచుకున్నా కనపడని చీకటి. రొయ్యలు పట్టేసి గుంటలు ఎండగట్టినారు, ఏ మోటారూ తిరగడం లేదు. కుళ్ళిన బురద వాసన. సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి... అదీ మలుపు దగ్గర పడేకొద్దీ సన్నగిల్లి, నిలిచిపోయింది.

మలుపు ఇంకా వంద గజాలుందనగా ఆమె టార్చి ఆర్పేసింది. వెలుతురు చూసి పారిపోతాడేమోనని.

నిలబడింది.

ఏమీ లేదు. ఒక కప్ప అరిచి ఊరుకుంది. తన గుండె చప్పుడు తనకే వినపడతా ఉంది...

టక్.

శేషమ్మ ఊపిరి బిగబట్టింది.

టక్... టక్... టక్... తొందర లేదు, తడబాటు లేదు. కొలిచినట్టు పడతా ఉన్నాయి అడుగులు. పది. ఆగినాయి. కంకర మీద మడమ తిరిగిన చప్పుడు. మళ్ళా... టక్... టక్...

కాళ్ళు వెనక్కి లాగతా ఉంటే, బలవంతాన ముందుకే వేసింది. నాలుగడుగులు. ఐదు. చెప్పు కింద ఎండు కంప ఒకటి పుటుక్కుమంది.

బూట్లు ఆగిపోయినాయి.

ఆగు, ఎవరొచ్చేదని మిలిటరీ హిందీలో చీకట్లోంచి ఒక అరుపు —

"థమ్! కౌన్ ఆతా హై?"

శేషమ్మ చేతిలో టార్చి జారింది. వంగి తడుముకుంది. ఎట్లనో దొరికింది, నొక్కింది.

స్తంభం ముందర ఒక సిపాయి నిలబడున్నాడు. ఆకుపచ్చ యూనిఫాం. నెత్తిన టోపీ. భుజాన తుపాకీ... కాదు, తుపాకీలాగా పట్టుకున్న చేతికర్ర. టోపీ కింద తెల్ల మీసం. వెలుతురుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు చికిలించి చూస్తా ఉన్నాడు.

జయరామయ్య.

"ఎవరూ... శేషమ్మా? నువ్వేందమ్మా ఈడ?"

ఆమెకి ముందు నవ్వొచ్చింది. షాహుల్ జ్వరం, లారీల వాళ్ళ భయం, అంతా కలిపి పెద్ద నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. దెయ్యం లేదు. ఇన్నేళ్ళుగా... లేనే లేదు.

రోడ్డు పక్క కంకర కుప్ప మీద కూలబడింది.

"నువ్వేనా అన్నా? ఇన్నాళ్ళూ పేర్లు పిలిచింది, బూట్లేసుకుని తిరిగింది... నువ్వేనా?"

జయరామయ్య టోపీ తీసినాడు. "నిద్ర పట్టని నాడు వస్తానమ్మా. కాలవ కట్టంబడి సైకిలు మీద. నన్ను చూసి జనం జడుసుకుంటన్నారని తెలుసు. దెయ్యమనుకుంటేనే మంచిదనుకున్నా. దగ్గరికి రారు. అడగరు."

"ఏం అడుగుతారని?"

ఆయన కర్ర స్తంభానికి ఆనించినాడు. ఆమెకి ఎదురుగా రాలేదు. పక్కకి తిరిగి, పలక కేసి చూస్తా చెప్పినాడు.

"వాడు పోయిన ఆ రాత్రి సెంట్రీ డ్యూటీ నాది."

శేషమ్మ తలెత్తింది.

"ఒళ్ళు కాలిపోతా ఉండింది నాకు. నిలబడలేకపోయినాను. నువ్వు పడుకో మామా, రెండు గంటలే గదా, నేను చూసుకుంటానన్నాడు. నా కోటు కూడా వాడే ఏసుకుపోయినాడు. గంట కూడా కాలేదమ్మా... గుండు వచ్చి సరిగ్గా ఆడనే పడింది. నేను నిలబడాల్సిన చోట."

గాలి లేదు. ఆకు కదలడం లేదు.

"ఇరవయ్యారేళ్ళు" అంది శేషమ్మ మెల్లగా. "ఏటా ఈ రోజుకి నా ఇంటికొస్తావే అన్నా. నా చేతి కాఫీ తాగతావే. నా బిడ్డ పెళ్ళి సంబంధాలు నువ్వే చూస్తివే. ఒక్కనాడైనా..."

"నోరు రాలేదు."

ఆమెకి కోపం రావాల్సింది. వస్తుందనే చూసింది. కానీ ఎదురుగా నిలబడి ఉండేది అరవై దాటిన ముసలాయన. మోకాళ్ళ నొప్పులతో, ఎవడూ అప్పజెప్పని కాపలా కాస్తా ఇంత కాలం రాత్రుళ్ళు కరగబెట్టుకున్నవాడు. కోపం యాడికో పోయింది.

"కూచో అన్నా" అంది. "బూట్లు విప్పుకో. కాళ్ళు వాచిపోయినాయి చూడు."

జయరామయ్య కంకర మీద కూచున్నాడు. బూట్లు విప్పుకుంటా, భుజాలు కదిలేట్టు ఏడ్చినాడు. ఆమె ఏడవనిచ్చింది.

కాసేపటికి తేరుకుని చెప్పినాడు. "డ్యూటీ అయినాక పేర్లు పిలవాలమ్మా. పిలిచి, వాళ్ళ తరపున నేనే పలుకుతాను. కానీ నాలుగు పేర్లతోనే ఆపేస్తాను. ఐదోది... నా నాలిక మీదికి రాదు. వాడి పేరు పిలిచే మొహమా నాది?"

శేషమ్మ పలక కేసి టార్చి కొట్టింది. చిట్టచివరి వరస మీద వెలుతురు నిలిచింది.

"నేనూ పిలవలేదన్నా" అంది. "పెళ్ళైన రోజు గూడా, గడప కాడ నిలబెట్టి పేరు చెప్పి లోపలికి రమ్మంటే, పళ్ళు బిగబట్టుకుని నిలబడిపోయినాను. మొగుడి పేరు నోటితో అంటే ఆయుస్సు తగ్గిపోద్దని మా అత్త అనింది. అందుకని ఎప్పుడూ అనలేదు. పోయినాక గూడా అలవాటు పోలేదు. ఆఫీసుల్లో అడిగితే కాయితం మీద రాసిస్తాను." ఆగింది. "ఇంక తగ్గడానికి ఏముందని భయం నాకు?"

లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

"రేపటి నుంచి ఇది ఈడ ఉండదు. ఈ రాత్రికి నేను పిలుస్తాను. నువ్వు పలుకు."

ఆయన తల ఊపినాడు.

"మునెయ్య."

"హాజర్" అన్నాడు జయరామయ్య. గొంతు పీలగా వచ్చింది.

"పద్మనాభయ్య."

"హాజర్."

"షేక్ అల్లావుద్దీన్."

"హాజర్."

"దేవసహాయం."

"హాజర్."

ఐదో పేరు కాడ ఆమె నోరెండిపోయింది. పెదాలు తడుపుకుంది. ఒకసారి నోరు తెరిచి మూసుకుంది. మళ్ళా తెరిచింది.

"పెంచలకృష్ణ."

బతుకులో మొదటిసారి అన్న పేరు. ఎంత చిన్నదిగా అనాలనుకుందో, అంత పెద్దగా వచ్చింది.

"హాజర్!"

టపీమని వచ్చింది జవాబు. నిటారుగా నిలబడి, రొమ్ము విరుచుకుని పలికినట్టు.

శేషమ్మ కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు కారిపోతా ఉన్నాయి. ఒళ్ళంతా తేలికైపోయింది.

"పలికినావు గదన్నా" అంది. "అంతే. ఇంక ఏడవబాక. ఇంటికి పోదాం పా."

కళ్ళు తెరిచి పక్కకి చూసింది. జయరామయ్య కంకర మీదనే కూచోనున్నాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకోనున్నాడు. వేళ్ళ సందులోంచి ఊపిరి బుస్సుబుస్సుమంటా ఉంది. గుడ్లు పెద్దవి చేసుకుని ఆమె వెనక్కి... స్తంభం అవతలి చీకట్లోకి చూస్తా ఉన్నాడు.

"నేను..." అన్నాడు. "నేను పలకలేదమ్మా."

వాళ్ళు ఇల్లు ఎట్ట చేరినారో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు.

పొద్దున మీటింగు ఎప్పటిలాగే జరిగింది. నాలుగూళ్ళ జనం వచ్చినారు, బడిపిల్లలు జెండాలు పట్టుకున్నారు, టీచరు మైకులో ఐదు పేర్లూ చదివింది. శేషమ్మా జయరామయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పదిన్నరకి క్రేను వచ్చింది. స్తంభాన్ని తాళ్ళతో కట్టి లేపుతా ఉంటే అందరూ చప్పట్లు కొట్టినారు. ఆ ఇద్దరూ కొట్టలేదు.

ఇంటికొచ్చినాక శేషమ్మ సుప్రియకి జరిగిందంతా చెప్పింది. సుప్రియ నమ్మిందో లేదో గానీ మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. అంతా అయినాక మెల్లగా అడిగింది.

"అమ్మా... అది నాన్న గొంతేనా?"

శేషమ్మ బిడ్డను దగ్గరికి తీసుకుంది.

"అబద్ధం ఎందుకు చెప్పాలమ్మా. ఆయన గొంతు నాకు గుర్తులేదు. ఎప్పుడో మర్చిపోయినాను" అంది. బిడ్డ నెత్తి మీద చెయ్యేసి నిమిరింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"కానీ అది... నీకంటే చిన్నోడి గొంతు."